తప్పు వాళ్లది, తీర్పు మనది

ఒక ఉత్తరం చదువుతుంటాం. రాసిన మనిషి మనసు విప్పి రాసిందని తెలుస్తూనే ఉంటుంది. నాలుగో వాక్యానికి వచ్చేసరికి 'బాధ' కాస్తా 'భాద' అయి కూర్చుంటుంది. ఇక అంతే. ఆమెకొచ్చిన కష్టం ఏమిటన్నది పక్కకు పోతుంది, వత్తు చోటు మారిందన్న సంగతే కంట్లో నలుసులా గుచ్చుకుంటూ ఉంటుంది. అదే ఉత్తరం ఇంకొకరి చేతికిస్తే చివరిదాకా చదివి "అయ్యో, ఎంత కష్టం వచ్చింది" అంటారు. వత్తు సంగతి అడిగితే "ఎక్కడ?" అని మళ్లీ వెతుక్కుంటారు.

నేను మొదటి రకం మనిషిని. ఇతరుల రాతలు దిద్దడం, ప్రూఫులు చూడడం నా పనిలో భాగం కాబట్టి ఆ చూపు ఇంకాస్త పదునెక్కింది. దాన్ని చెడ్డ అలవాటని నేను అనుకోను. కానీ నాలాంటివాళ్లు తరచూ అనే ఒక మాట ఉంది: "నా టైపే అంత, తప్పు కనిపిస్తే భరించలేను." ఈ మాట వినీ వినీ, దీన్ని ఒకసారి విప్పి చూడాలనిపించింది. ఇందులో సగం నిజముంది. మిగతా సగం వెనక మనం దాక్కుంటున్నాం.

ముందు నిజమైన సగం చెప్తాను. తప్పులు చదివేవాడిని నిజంగానే ఇబ్బంది పెడతాయి. ఇది మనం ఊహించుకునే బాధ కాదు. మాటలో మొదటి అక్షరం, చివరి అక్షరం సరిగ్గా ఉంటే చాలు, మధ్యలో ఎలా కలగాపులగం చేసినా మెదడు చదివేస్తుందని ఒక సందేశం ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతోంది. అది సగం సగం మాట. చదివేటప్పుడు కళ్లు ఎలా కదులుతాయో జీవితమంతా పరిశీలించిన కీత్ రేనర్ తన సహచరులతో కలిసి 2006లో దీన్ని పరీక్షించి చూశాడు. ఇంగ్లీషు మాటల మధ్యలో అక్షరాలు తారుమారు చేస్తే చదివే వేగం సుమారు 11 శాతం తగ్గింది. చివరి అక్షరాలు తారుమారైతే 26 శాతం, మొదటి అక్షరాలు తారుమారైతే 36 శాతం తగ్గింది. అర్థం చేసుకోగలిగారు, నిజమే. కానీ ఊరికే కాదు, శ్రమ పడి. రాసినవాళ్లు తప్పించుకున్న శ్రమ ఎక్కడికీ పోదు, చదివేవాళ్ల మీద పడుతుంది. తప్పుల్లేకుండా రాయమని అడగడం ఛాందసం కాదని నేను గట్టిగా నమ్మడానికి ఇదే మొదటి కారణం.

శరీరం కూడా పట్టించుకుంటుంది. మనం నిమ్మళంగా ఉన్నప్పుడు గుండె గడియారంలా కొట్టుకోదు. ఒక్కో చప్పుడుకీ మధ్య ఉండే వ్యవధిలో చిన్న చిన్న తేడాలుంటాయి. టెన్షన్ వచ్చినప్పుడు ఆ తేడాలు తగ్గి గుండె ఒకే తూకంలో కొట్టుకుంటుంది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో దగ్మార్ దివ్యాక్ బృందం 41 మంది బ్రిటిష్ ఇంగ్లీషు మాతృభాషీయులకు వ్యాకరణ దోషాలున్న మాటలు వినిపించి గుండె లయను కొలిచింది. తప్పులు విన్నప్పుడు ఆ తేడాలు తగ్గాయి. అంటే వాళ్లు పైకి ఏమీ అనకుండా కూర్చున్నా, లోపల ఒళ్లు గమనించింది. తప్పు వినగానే ఒళ్లు జలదరించిందని ఎవరైనా అంటే ఇకమీదట నేను అతిశయోక్తి అనుకోను.

మరి ఒకే తప్పు ఒకరిని అంతగా గుచ్చి, ఇంకొకరిని తాకకుండా ఎలా వెళ్లిపోతోంది? ఇక్కడే స్వభావం ప్రసక్తి వస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జూలీ బోలాండ్, రాబిన్ క్వీన్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. 83 మందిని తీసుకున్నారు. ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, కలిసి ఉండడానికి మనిషి కావాలి అన్న ప్రకటనకు వచ్చిన జవాబులంటూ కొన్ని ఈమెయిళ్లు చదివించారు. కొన్నింట్లో ఏ తప్పూ లేదు. కొన్నింట్లో వేలు జారిన తప్పులు, అంటే అక్షరాలు ముందువెనకలు కావడం. కొన్నింట్లో వేరే రకం: ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటల్లో ఒకదాని బదులు ఇంకొకటి రాయడం. 'నీ' అనే అర్థమున్న 'యువర్' రాయాల్సిన చోట 'నువ్వు ఫలానా' అనే అర్థమిచ్చే 'యు ఆర్' పొట్టి రూపం రాసేయడం లాంటిది. రాసినవాళ్లు తెలివైనవాళ్లా, స్నేహంగా ఉంటారా, వీళ్లతో ఒకే ఇంట్లో ఉండగలరా అని అడిగారు. ఆ తర్వాత చదివినవాళ్ల స్వభావాన్ని కొలిచారు.

మొత్తం మీద తప్పులున్న ఈమెయిళ్లు రాసినవాళ్లకు తక్కువ మార్కులే పడ్డాయి. అది ఎవరైనా ఊహించగలిగేదే. ఎవరు ఎంత తక్కువ వేశారన్నదే చూడాల్సింది. నలుగురిలో కలిసిపోయే బహిర్ముఖులు చాలా తప్పులను చూసీచూడనట్టు వదిలేశారు. అంతర్ముఖులు వాటికే రాసినవాళ్లను తగ్గించి చూశారు. పని పద్ధతిగా, శ్రద్ధగా చేసేవాళ్లకూ, కొత్తదనానికి అంత సులభంగా తలుపు తెరవనివాళ్లకూ వేలు జారిన తప్పులు గుచ్చుకున్నాయి. రెండో రకం తప్పులు, అంటే తెలియక చేసినట్టు కనిపించేవి, ఎవరికి ఎక్కువ గుచ్చుకున్నాయంటే ఇతరులతో సర్దుకుపోయే గుణం తక్కువగా ఉన్నవాళ్లకు. ఊరికే కంగారు పడే స్వభావానికి దీనితో సంబంధం కనిపించలేదు. నాకు ఇది కొంచెం ఆశ్చర్యమనిపించింది. ఆందోళన మనుషులే తప్పులు చూసి అల్లాడతారని నేను అనుకునేదాన్ని.

83 మంది అన్నది చిన్న సంఖ్య. వాళ్లంతా ఒక దేశంలో, ఒక భాషలో, ఒక ఇంటి ప్రకటన విషయంలో ఇచ్చిన తీర్పులవి. దీన్ని పట్టుకుని "తప్పులు పట్టేవాళ్లంతా కఠినాత్ములు" అని తేల్చేయడం అన్యాయం. కానీ ఒక సంగతి నాకు అక్కడే ఆగి ఆలోచించాలనిపించేలా చేసింది. శ్రద్ధకు సంబంధించిన చిరాకు వేరు, సర్దుబాటుకు సంబంధించిన చిరాకు వేరు. మొదటిది "ఒకసారి మళ్లీ చదువుకుని పంపొచ్చు కదా" అంటుంది. రెండోది "ఇంత కూడా తెలియదా" అంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెంటికీ మనం భాషాభిమానమనే పేరు పెట్టుకుంటాం.

ఇక 'టైపు' అన్న మాట గురించి. పదహారు రకాల మనుషులుంటారని, ఒక్కో రకానికి నాలుగు అక్షరాల పేరు పెట్టే పరీక్ష చాలామందికి తెలుసు. కార్ల్ యూంగ్ 1921లో చెప్పిన ఊహల మీద కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ కట్టిన పద్ధతి అది. ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవాళ్లు కాదు. ఆ పరీక్ష కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది. కారణం కష్టమైనదేమీ కాదు. మనుషుల్లో ఎక్కువమంది ఏ గుణంలోనైనా మధ్యలోనే ఉంటారు. మధ్యలో గీత గీసి ఇటున్నవాళ్లు ఒక జాతి, అటున్నవాళ్లు ఒక జాతి అంటే, గీత పక్కనే ఉన్నవాళ్లు ఒకరోజు ఇటు, ఇంకోరోజు అటు పడతారు. బోలాండ్, క్వీన్ వాడినది ఈ పద్ధతి కాదు. అయిదు గుణాలను ఎక్కువ తక్కువలుగా కొలిచే పద్ధతి. అందులో ఎవరూ 'ఫలానా టైపు' కారు. కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ, అంతే.

"నా టైపే అంత" అన్నప్పుడు మనం చేసే పని ఏమిటంటే, ఎక్కువ తక్కువల సంగతిని పుట్టుమచ్చ చేసేయడం. ఎత్తు తక్కువైతే మనమేం చేయలేం, చిరాకు ఎక్కువైనా ఏం చేయలేం అన్నట్టు. పైగా అదే అధ్యయనంలో ఇంకో విషయం బయటపడింది. వ్యాకరణం తమకు ముఖ్యమని చెప్పినవాళ్లకే తప్పులు ఎక్కువ ఇబ్బంది అనిపించాయి. అంటే స్వభావం ఒక్కటే కాదు, మనం దేన్ని విలువైనదిగా ఎంచుకున్నామన్నది కూడా ఇందులో ఉంది. ఎంచుకున్నదానికి బాధ్యత కూడా ఉంటుంది కదా.

చిరాకు రావడం మన చేతిలో లేదు, ఒప్పుకుంటాను. అక్షరం కంట్లో పడిన క్షణంలో అది వచ్చేస్తుంది. కానీ ఆ తర్వాత ఇంకో మెట్టు ఉంది. ఆ మెట్టు మనం చాలా వేగంగా ఎక్కేస్తాం కాబట్టి అది ఉన్నట్టే తెలియదు. 'ఈ మాట తప్పు' నుంచి 'ఈ మనిషి ఇలాంటివాడు' దాకా ఉన్న మెట్టు అది.

నేను పనిచేసిన ఒకచోట ఉద్యోగ దరఖాస్తులు వడపోసే నలుగురిలో నన్నూ కూర్చోబెట్టారు. ఉద్యోగం యంత్రాల మరమ్మతుకు. ఒక దరఖాస్తులో ఈ వాక్యముంది: "మోటారు శబ్ధం విని లోపం ఎక్కడుందో చెప్పగలను." మాట మొత్తం తలకిందులైందన్నంత గొడవగా నా పక్కనున్నాయన ఆ కాగితం చూశారు. నిజానికి తప్పు ఒక్క వత్తంత: 'శబ్దం'లో బ కింద ద బదులు ధ. "చిన్న మాట సరిగ్గా రాయలేనివాడు యంత్రం ఏం చూస్తాడు" అని కాగితం ఎడమవైపు పెట్టేశారు. ఎడమవైపు దొంతర అంటే పిలవబోమని. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. ఈయన చదివిన చోటు పెద్దది, కాగితం నాణ్యమైనది. అందులో 'అనుభవం' బదులు 'అనుభంవ' అని ఉంది. అదే ఆయన నవ్వి, "టైపింగులో తారుమారైంది, పాపం" అని కుడివైపు పెట్టారు.

ఆ మొదటి కాగితం తీసుకుని వాక్యం పైకి చదివాను. చప్పుడు విని లోపం పట్టగలిగిన మనిషి మనకు కావాలా వద్దా అని అడిగాను. కొంత వాదన జరిగింది, చివరికి పిలిచారు. ఉద్యోగం వచ్చిందా రాలేదా అన్నది ఇక్కడ నాకు ముఖ్యం కాదు. రెండు తప్పులూ ఒకే బల్ల మీద ఉన్నాయి, చూసిన కళ్లు ఒకటే, గుచ్చుకోవడం కూడా దాదాపు ఒకటే. తీర్పులు మాత్రం రెండు. ఒకాయనది పొరపాటు అయింది, ఇంకొకాయనది తెలివితక్కువతనం అయింది. అక్షరం చెప్పని విషయం ఏదో కాగితం చెప్పింది. స్వభావాన్ని సాకుగా చూపించేవాళ్లు ఈ తేడాకు ఏం జవాబు చెప్తారు? నిజంగా తప్పు మాత్రమే భరించలేని టైపు అయితే రెండు కాగితాలూ ఒకే దొంతరలో పడాలి.

మన మెదడు కూడా ఎవరు మాట్లాడుతున్నారో చూసే స్పందిస్తుందనడానికి ఒక మంచి ప్రయోగముంది. వ్యాకరణం తప్పిన వాక్యం వినగానే సుమారు 600 మిల్లీసెకన్ల దగ్గర మెదడులో ఒక విద్యుత్ సంకేతం లేస్తుంది. పుర్రె మీద ఎలక్ట్రోడ్లు పెట్టి దాన్ని కొలవొచ్చు. 2012లో అద్రియానా హనులికోవా బృందం డచ్చి మాతృభాషీయులకు లింగదోషాలున్న డచ్చి వాక్యాలు వినిపించింది. మాట్లాడినది డచ్చి మనిషి అయినప్పుడు ఆ సంకేతం లేచింది. టర్కిష్ యాసతో డచ్చి మాట్లాడే మనిషి అదే తప్పు చేసినప్పుడు లేవలేదు. వాళ్లకు ఆ తప్పులు మామూలేనని వినేవాళ్ల మెదడుకు ముందే అలవాటైంది. అర్థమే పొసగని వాక్యాలకు మాత్రం ఇద్దరి విషయంలోనూ స్పందన వచ్చింది. కాబట్టి వినడం మానేయలేదు, మనిషిని బట్టి అంచనా మార్చుకుంది. ఎప్పటికీ మారదు అనుకున్న చిరాకు కూడా ఎదుటి మనిషి గురించి మనకు తెలిసినదాన్ని బట్టి మారుతుంది.

తెలుగులో తప్పుగా రాసే మనిషి గురించి మనకేం తెలుసు? చాలాసార్లు, వాళ్లు ఏ కీబోర్డు మీద కొట్టారన్నది కూడా తెలియదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే పద్ధతుల్లో చిన్న 'ఎల్' కొడితే ల, పెద్ద 'ఎల్' కొడితే ళ. న, ణ కూడా అంతే. వత్తుకు ఇంకో 'హెచ్' చేర్చాలి. బస్సులో నిలబడి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో బొటనవేలితో కొట్టే మనిషి ప్రతిసారీ షిఫ్టు నొక్కాలంటే అయ్యే పని కాదు. 'కళ్లు' 'కల్లు' అయిపోతుంది. అక్షరదోషాలకూ తెలివికీ ముడిపెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. డిస్లెక్సియా ఉన్నవాళ్లకు మాటలు సరిగ్గా రాయడం జీవితాంతం కష్టంగానే ఉండొచ్చు. దానికీ వాళ్ల తెలివితేటలకూ సంబంధం లేదు. ఆ కష్టం కాగితం మీద 'నిర్లక్ష్యం' లాగే కనిపిస్తుంది, నిజానికి వాళ్లు ఆ వాక్యాన్ని మనకంటే ఎక్కువసార్లు సరిచూసుకుని ఉంటారు.

ఇంకో సంగతి. ఏది తప్పు అన్నది కూడా రాతి మీద చెక్కినది కాదు. నేనిప్పుడు రాస్తున్న ఈ భాషే ఒకప్పుడు తప్పుల కుప్ప అని పండితులు కొట్టిపారేశారు. పాఠ్యపుస్తకాల్లో, పరీక్షల్లో గ్రాంథికమే ఉండాలని పట్టుబట్టినప్పుడు గిడుగు రామమూర్తి వాదించడంతో ఆగలేదు. ఆ పండితులు రాసిన గ్రాంథికంలోనే, వాళ్లు ప్రమాణంగా పెట్టుకున్న వ్యాకరణం ప్రకారమే, తప్పులు ఏరి చూపించాడు. ఎవరూ నోటితో మాట్లాడని భాషలో తప్పు లేకుండా రాయడం ఆ భాషను కాపాడుతున్నవాళ్లకే సాధ్యం కావడం లేదని ఆయన వాదన. ఇవాళ 'వ్రాసినాడు' అనకుండా 'రాశాడు' అన్నందుకు ఎవరి గుండె లయా మారదు. ఒక తరానికి ఒళ్లు మండించిన రూపం తర్వాతి తరానికి బళ్లో నేర్పే పాఠమైంది.

అలాగని ఎలా రాసినా ఫరవాలేదు అనేవాళ్ల వైపు నేను లేను. వాళ్ల మీద నాకు కోపమే ఎక్కువ. 'అర్థమైతే చాలు' అనడం సులభం. అర్థం కాకపోతే నష్టపోయేది ఎవరు? 1631లో లండన్‌లో అచ్చయిన ఒక బైబిలులో పది ఆజ్ఞల దగ్గర 'కూడదు' అనే అర్థమిచ్చే చిన్న మాట ఎగిరిపోయింది. వ్యభిచరించకూడదన్న ఆజ్ఞ కాస్తా వ్యభిచరించమన్న ఆజ్ఞ అయింది. అచ్చువేసిన రాబర్ట్ బార్కర్, మార్టిన్ లూకస్‌లకు 300 పౌన్ల జరిమానా పడింది, అచ్చువేసే అనుమతి కూడా పోయింది. మందు చీటీలో మోతాదు పక్కన దశాంశ బిందువు తప్పితే, ఒప్పందంలో 'కాదు' పోతే, పిల్లల పాఠంలో తప్పు రూపం అచ్చయితే, అక్కడ ఎవరి స్వభావం ఏమిటన్నది అనవసరం. అక్కడ చిరాకు పడేవాళ్లే కావాలి. ప్రూఫు చూసేవాళ్లు ఉన్నదే అందుకు. అచ్చు పుస్తకాల్లో, వార్తల్లో, ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఆ మనుషులను తీసేసి ఖర్చు తగ్గించుకుంటున్న తీరు చూస్తే నాకు నిజంగా దిగులేస్తుంది. అక్కడ తప్పు చేసిన సంస్థను నిలదీయాలి. అక్కడ మనకు నోరు పెగలదు కానీ, మన పిన్ని పంపిన శుభాకాంక్షల్లో వత్తు పోతే మాత్రం వెంటనే దిద్దుతాం.

ఈ తేడాను నేను ఇలా పెట్టుకున్నాను. రాయడం ఎవరికి పనో, వాళ్ల దగ్గర కచ్చితంగా ఉంటాను. రాయడం ఎవరికి పని కాదో, వాళ్లు చెప్పినదానికి ముందు జవాబిస్తాను. వాళ్లు ఆ రాతను ఇంకా పెద్దచోటికి పంపబోతున్నారని తెలిస్తే, వాళ్లకొక్కరికే, "పంపేముందు ఈ రెండు మాటలు మార్చు" అని చెప్తాను. నలుగురి ముందు దిద్దితే తప్పు పోతుందేమో గానీ, ఆ మనిషి మళ్లీ రాయడు. తెలుగులో రాసేవాళ్లు తగ్గిపోతున్నారని బాధపడేవాళ్లూ, రాసినవాళ్లను అందరి ముందు దిద్దేవాళ్లూ చాలాసార్లు ఒకళ్లే. ఈ రెండు పనులకూ పొంతన లేదని వాళ్లకు చెప్పాలి. నేను చెప్తున్నాను కూడా.

దరఖాస్తులు చూసేవాళ్లకు ఒక అడుగు ముందుకేసి అడుగుతాను. భాషకు వేసే మార్కులను వేరే గడిలో పెట్టండి. ఉద్యోగంలో రాతపని ఉంటే ఆ గడి నింపండి, లేకపోతే కొట్టేయండి. భాష చూసేవాళ్లు ఒకరు, అనుభవం చూసేవాళ్లు ఇంకొకరు అయితే మరీ మంచిది. ఎందుకంటే ఒకే మనిషి రెండూ చూస్తే మొదటి వాక్యంలో పడిన ధ వత్తు అయిదో వాక్యంలో ఉన్న పదేళ్ల అనుభవాన్ని మింగేస్తుంది. ఇది నా స్వభావం వల్ల నాకు మరీ బాగా తెలుసు. అందుకే రాతతో పని లేని ఉద్యోగాల దరఖాస్తులు నా ముందుకు వచ్చినప్పుడు, భాష గడి నాకు ఇవ్వొద్దని ముందే చెప్పేస్తున్నాను.